చప్పుడు లేని దిగుడు

30 సెప్టెంబర్ 1998, బుధవారం

అమరేందర్ పటేల్ కొత్త బండి వచ్చింది. దాని పేరు పలకడానికి నా నోట్లో మిగిలిన పళ్లు చాలవు, కాబట్టి ఇక్కడ రాయను. లారీ అంత ఎత్తు, పెళ్లికొడుకు చెప్పుల్లా తళతళ. మీట నొక్కితే అద్దాలు దిగుతాయి. ఇంకో మీట నొక్కితే రామన్నపేటలో చలికాలం వస్తుంది.

ఈ ఊళ్లో ఎవరు బండి కొన్నా ముందు నా షెడ్డు దగ్గర ఆపాలి. నేను బానెట్ మీద చెయ్యి పెట్టి ఇంజన్ విని తల ఊపాలి. టైర్ల కింద నిమ్మకాయలు ఆ తర్వాత. ఎవరు పెట్టిన ఆచారమో తెలియదు. నేనే పెట్టి ఉంటాను.

"ఎట్లున్నది మిస్త్రీ?" అన్నాడు పటేల్.

"ఇంజన్ మంచిగ పాడుతాంది. మిగతాదంత సోకు."

"సోకుకే గద కొన్నది."

డ్రైవరు భిక్షం పక్కన నిలబడి నవ్వుతున్నాడు. పన్నెండేళ్లు నా దగ్గర పనిచేశాడు, ఆరేళ్లుగా పటేల్ దగ్గర. నా చేతి కింద స్టీరింగు పట్టినవాళ్లలో తొందర లేనివాడు వాడొక్కడే. పటేల్‌కి కూడా పదహారో ఏట వాళ్ల బాపు జీపులో నేనే నేర్పాను. తొందరలోనే పుట్టాడు, ఇప్పటికీ తొందరే.

బండితో ఒక లావు పుస్తకం ఇచ్చారు. అంతా ఇంగ్లీషు. నాకు తెలుగు కూడా బేరింగులు చుట్టి వచ్చిన పాత పేపర్లు చదివి వచ్చిందే. రేపల్లెలో వరద అని మొదలై, చిరిగిపోయి, ఆ వరద ఏమైందో ఇరవై ఏళ్లుగా తెలియని చదువు నాది. అయినా బొమ్మలు చూశాను. ఒక బొమ్మలో బండి దిగుడులో ఉంది, పక్కన తాళం చెవి, రెండింటి మీదా పెద్ద అడ్డగీత. తాళం బండిలో వదిలి దిగుడులో నిలపొద్దని కాబోలు. ఇంత బండి కొన్నవాడికి అది కూడా చెప్పాలా.

1 అక్టోబర్

దసరా. నిమ్మకాయలు నలిగాయి. అందరూ సంతోషం.

9 అక్టోబర్, శుక్రవారం

నమాజు నుంచి వచ్చేసరికి భిక్షం కూర్చొని ఉన్నాడు. బండి డీజిల్ మంచినీళ్లలా తాగుతోందని పటేల్ రోజూ సతాయిస్తున్నాడట.

నా షెడ్డు ఉన్నది కల్వర్టు దిగుడు కింద. పైనుంచి వచ్చే బండి ఉన్నట్టుండి చప్పుడు ఆపి, గాలిలా నా ముందు నుంచి జారిపోయిందంటే అది నా శిష్యుడి బండి. చూడక్కర్లేదు. ముప్పై ఎనిమిదేళ్లుగా ఇదే చెబుతున్నాను: ఎక్కుడులో ఇంజన్ గుంజుతుంది, దిగుడులో భూమి గుంజుతుంది, ఇద్దరినీ ఒకేసారి కూలికి పిలవడం ఎందుకు? తాళం తిప్పు, బంద్ పెట్టు. నాకు ఇది నేర్పింది ఫక్రుద్దీన్ ఉస్తాద్. ఆయన మిలిటరీ లారీలో ఆలేరు నుంచి బొగ్గు తెచ్చేవాడు. సగం దూరం ఇంజన్ లేకుండానే తెచ్చేవాడని పేరు. ఆయన మీసాల గురించి రాయాలంటే వేరే డైరీ కావాలి.

భిక్షంను పక్కన కూర్చోబెట్టుకొని చిట్యాల రోడ్డు మీద పోయాను. దిగుడు రాగానే తాళం తిప్పాను. చలి ఆగింది, చప్పుడు ఆగింది. ఏనుగు నీళ్లలో ఈదినట్టు పోయింది.

"ఉస్తాద్, గీ బండికి గూడ నడుస్తదా గిది?"

"చక్రాలున్నయా లేవా?"

"ఉన్నయ్."

"ఇగ నడువక ఏం చేస్తది?"

బ్రేకు కొంచెం బిర్రుగా తగిలింది. తొక్కితే గట్టిగా ఉంది. కొత్త లైనింగు, అరగాలి. స్టీరింగు కూడా బరువెక్కింది. కొత్తది కదా. బిర్రుగ ఉంటే కొట్టి కొట్టి తొక్కు, పట్టుకుంటది అని చెప్పాను. తొక్కి చూపించాను. పట్టుకుంది. అప్పటికి దిగుడు కూడా అయిపోయింది.

31 అక్టోబర్, శనివారం

పటేల్ వాళ్లమ్మ అమృతమ్మ మనిషిని పంపితే ఇంటికి పోయాను. డెబ్బై ఆరేళ్ల మనిషి. నా షెడ్డుకు జాగా ఇప్పించింది ఆమే. నా మొదటి బిడ్డ పోయినప్పుడు మా ఇంటి గడప దాటి లోపలికి వచ్చి నా భార్య అజీజా పక్కన నేల మీద కూర్చున్నది కూడా ఆమే. దానికి అప్పట్లో వాళ్ల ఇంట్లో రెండు రోజులు గొడవైందని తర్వాత తెలిసింది.

సోమవారం శ్రీశైలం పోతున్నారట. కార్తీకం.

"నబీ, గా బండి నాకు భయమైతాంది. మేడ ఎక్కినట్టున్నది. బస్సుల పోత అంటె వీడు ఇనడు."

"బస్సు కన్న పైలం అమ్మా. భిక్షం తోలుతడు గద."

"నువ్వు ఎక్కుమంటే ఎక్కుత."

"ఎక్కు అమ్మా. నాదీ పూచీ."

వెనక సీటు చూపించాను. మఖ్మల్ కవర్లు కుట్టించాడు పటేల్, నల్లగొండలో. కూర్చుంటే మనిషి మునిగిపోతుంది. నడుముకు కట్టుకునే పట్టీలు కవర్ల కిందికి పోయాయి. ముందు సీట్లవి మాత్రం ఉన్నాయి.

మజ్జిగ ఇచ్చింది. అల్లం ఎక్కువైంది.

2 నవంబర్

పాల వ్యాన్‌కి క్లచ్ ప్లేటు. ఇంకేమీ లేదు.

3 నవంబర్

అమృతమ్మ పోయింది.

దోమలపెంట దాటాక డ్యామ్ వైపు దిగే ఘాట్‌లో. మూడో మలుపు. బండి గుట్టకు కొట్టుకుంది. పటేల్‌కి భుజం, భిక్షంకి కాలు. ముందున్న ఇద్దరినీ పట్టీలు ఆపాయి. ఆమె వెనక ఉంది.

రాయలేను.

5 నవంబర్

నల్లగొండ దవాఖానకు పోయాను. భిక్షం కాలికి మోకాలి దాకా పిండికట్టు. వేళ్లు నల్లబడ్డాయి. తలుపు దగ్గర పోలీసాయన బీడీ తాగాలా వద్దా అని ఆలోచిస్తూ కూర్చున్నాడు.

"నువ్వు చెప్పినట్లె చేసిన ఉస్తాద్. కొట్టి కొట్టి తొక్కిన. రాయి లెక్క అయింది. లోయ దిక్కు పోతదని గుట్ట దిక్కు తిప్పిన. తిరుగలే. పానం పెట్టి తిప్పిన."

"మంచిగ చేసినవ్."

"అవ్వ పోయింది ఉస్తాద్."

"ఎరుకే."

ఇంకేదో అడుగుతానేమో అన్నట్టు నా వైపు చూశాడు. పోలీసాయన ఉన్నాడు. అడగలేదు.

నేను చెప్పినట్టు చేసినా పట్టుకోలేదంటే అది బ్రేకే కాదు. బండిదే తప్పు.

8 నవంబర్, ఆదివారం

ఠాణాలో ఇవ్వడానికి కాగితం రాశాను. అంత బరువున్న బండికి పనికిరాని బ్రేకులు పెట్టి అమ్మారని, డ్రైవరు తప్పు లేదని. కింద "గులాం నబీ, మిస్త్రీ, ముప్పై ఎనిమిదేళ్ల అనుభవం" అని సంతకం. పటేల్ దాని నకలు కంపెనీకి పంపాడు. మనిషిని పంపుతామని ఫోన్ వచ్చిందట. రానీ.

అక్షరాలు బాగా కుదిరాయి. రెండుసార్లు చదువుకున్నాను.

17 నవంబర్, మంగళవారం

కంపెనీ ఇంజనీరు వచ్చాడు. బండిని లారీ మీద ఎక్కించి నా షెడ్డుకే తెచ్చారు. నలభై ఏళ్ల మనిషి, చేతికి మసి అంటుకుంటే తుడుచుకోని రకం. అది చూసి కొంచెం భయం వేసింది. తుడుచుకునేవాళ్లతో నేను గెలుస్తాను.

కుడి మూల నలిగింది కానీ ఇంజన్ స్టార్ట్ అయింది. చక్రాలు విప్పాడు, గొట్టాలు చూశాడు, నూనె చూశాడు. నేనూ చూశాను. ఎక్కడా ఒక చుక్క కారలేదు.

"పెద్దాయనా, కూర్చోండి. ఇంజన్ నడుస్తోంది. తొక్కండి."

తొక్కాను. వెన్నలా దిగింది.

తాళం తిప్పి ఆపాడు. "ఇప్పుడు తొక్కండి. వదలండి. మళ్లీ తొక్కండి. మళ్లీ."

మూడోసారికి నా కాలి కింద రాయి.

"ఇంజన్ తిరుగుతుంటేనే ఈ బ్రేకుకు బలం. ఆగితే రెండు తొక్కులకు సరిపడా మిగులుతుంది. కొట్టి కొట్టి తొక్కితే అది కూడా పోతుంది. స్టీరింగు కూడా అంతే, ఇంజన్ లేకపోతే ఎద్దు తిప్పాలి." లావు పుస్తకం తెరిచి నేను చూసిన బొమ్మే చూపించాడు. "దిగుడులో ఇంజన్ ఆపొద్దని ఇంత పెద్దగా వేశాం. మీ డ్రైవరు గానీ ఆపాడా?"

నేను పటేల్ వైపు చూశాను. పటేల్ భుజం కట్టు సర్దుకున్నాడు.

"గట్లెందుకు ఆపుతడు సార్. ఎవలన్న ఆపుతరా?"

ఇంజనీరు నా వైపు తిరిగాడు.

"ఎవలు ఆపరు," అన్నాను.

"మరి బండిలో తప్పు లేదు. నిద్రపోయాడో, తాగాడో."

"తాగిండేమో," అన్నాడు పటేల్. మళ్లీ తనే, "డిండి కాడ దిగిండు. కల్లు తాగి ఉంటడు," అన్నాడు.

చాయ్ తెప్పించాను. ఎవరూ తాగలేదు.

18 నవంబర్

బండిదే తప్పు. దిగుడులో మనిషి ఏం చేస్తాడో తెలియకుండా బండి చేయకూడదు.

19 నవంబర్

బండిదే తప్పు. బొమ్మ వేస్తే సరిపోతుందా? తెలుగులో రాయాలి.

20 నవంబర్

బండిదే.

22 నవంబర్, ఆదివారం

భిక్షం పెళ్లాం అండాలు షెడ్డుకు వచ్చింది. తాగి తోలి మనిషిని చంపాడని పటేల్ కాగితం ఇచ్చాడు. భిక్షంను దవాఖాన నుంచి నేరుగా జైలుకు తీసుకుపోతారట. ఊళ్లో అప్పుడే తాగుబోతు పెళ్లాం అంటున్నారట.

"కార్తీకంల ఆయన కోడిగుడ్డు గూడ ముట్టడు మామా. డిండి కాడ చాయ తాగిండు. గా చాయ కొట్టాయన గూడ చెప్తడు."

"ఎస్సైకి చెప్పినవా?"

"చెప్పిన. ఎస్సై సారు ఆయన్ని ఒకటే అడుగుతాండట, ఇంజన్ బంద్ చేసినవా, నిజం చెప్పు అని. చేయలే అంటాండు. మరెట్లయింది అంటె ఎరుకలే అంటాండు. ఎరుకలే అంటె తాగినట్టె గద అని సారు రాసుకుంటాండు." కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నాతోని గూడ చెప్పడు. ఎవలి కోసం మామా గట్ల అబద్ధం?"

నేను స్పానర్లు తుడుస్తూ ఉండిపోయాను. శుభ్రంగా ఉన్నవే మళ్లీ తుడిచాను.

"నువ్వు పెద్దమనిషివి. నీ మాట ఇంటరు," అని పోయింది.

ఇంటికి వచ్చి అన్నం ముందు కూర్చుంటే అజీజా బేగం అడిగింది, "వాడికి ఆపడం నేర్పింది ఎవరు?" ఉర్దూలో అడిగింది. తెలుగులో రాస్తే సగం కారం పోతుంది. మిగిలిన సగం చాలు.

23 నవంబర్

9 అక్టోబర్ నాడు రాసింది చదివాను. "కొంచెం బిర్రుగా తగిలింది." నా కాలికి తెలిసింది. ముప్పై ఎనిమిదేళ్ల కాలు అది. నోరు ఒప్పుకోలేదు.

"నాదీ పూచీ" అన్నది కూడా ఉంది. అమృతమ్మ పోయిన రోజు కింద రాయలేను అని రాశాను. రాయలేక కాదు.

24 నవంబర్, మంగళవారం

పటేల్ ఇంటికి పోయాను. గోడకు అమృతమ్మ ఫోటో, దండ ఇంకా పచ్చిగానే ఉంది. లెక్కప్రకారం కర్మలన్నీ అయిపోయాయి, మనుషులు వెళ్లిపోయారు. ఆయన ఒక్కడే టీవీ పెట్టుకొని చప్పుడు లేకుండా చూస్తున్నాడు.

"పటేలా, ఇంజన్ బంద్ చేసుడు వానికి నేనే నేర్పిన. గీ బండి మీదనే తోలి సూపిచ్చిన. ఎస్సైతోని చెప్పనీకె పోతాన. నీతోని ముందు చెప్పుదామని వచ్చిన."

తల తిప్పలేదు.

"నాకు నేర్పలేదా?" అన్నాడు.

"నేర్పిన."

"పక్కన కూసున్న మిస్త్రీ. పైన దిగుడు మొదలుకాంగనే వాడు నా దిక్కు సూసిండు. ఇరవై రోజుల సంది డీజిల్ డీజిల్ అని వాని పానం తీసిన గద. బంద్ పెట్టు అన్న. నేనే అన్న. పెట్టిండు." ఫోటో వైపు తిరిగాడు. "సప్పుడు బందయింది. ఎనుక అవ్వ, ఎంత నిమ్మలంగున్నదిరా గిప్పుడు, అన్నది. గదే ఆఖరు మాట."

టీవీలో ఎవరో వంట చేస్తున్నారు.

"మరి తాగిండని ఎందుకు రాసిస్తివి?"

"నేను బంద్ పెట్టుమన్న, మా అవ్వ సచ్చింది అని రాసియ్యాల్నా?"

"నేను రాసిస్త. నేను నేర్పిన అని."

"నీ షెడ్డుకు రేపటి సంది ఎవడొస్తడు?"

"నువ్వైతె రావు. తెలుస్తాంది."

ఆయన నవ్వలేదు. నేనూ నవ్వించడానికి అనలేదు. నోటికి అలవాటు.

లేచి వస్తుంటే గుమ్మం దాకా వచ్చాడు. ఎప్పుడూ రాడు.

27 నవంబర్, శుక్రవారం

మూడు బస్సులు మారి ఘాట్ కింద ఠాణాకు పోయాను. నేను చెబుతుంటే ఎస్సై రాసుకుంటూ మధ్యలో కలం ఆపాడు.

"మొదలు బండి తప్పు అని నువ్వే కాగితం ఇచ్చినవ్ గద?"

"ఇచ్చిన సార్. అక్షరాలు మంచిగ కుదిరినయ్."

"ఇప్పుడు నీ తప్పు అంటున్నవ్. రేపు ఎవలి తప్పు అంటవ్?"

"రేపు రాను సార్. మోకాళ్లు నొస్తయి."

సంతకం పెట్టించుకున్నాడు. ఇది ఒక్కటే ఉంటే పనికిరాదన్నాడు. ఉస్తాద్ శిష్యుణ్ని కాపాడుకుంటున్నాడని అంటారట. పక్కన కూర్చున్న మనిషి చెప్పాలట.

పటేల్ వస్తాడో లేదో తెలియదని చెప్పాను.

2 డిసెంబర్

పటేల్ పోయి చెప్పాడు. ఏం చెప్పాడో, ఎంత చెప్పాడో నాకు తెలియదు. తాగిన సంగతి మాత్రం కొట్టేశారని అండాలు వచ్చి చెప్పింది. అజాగ్రత్తగా తోలిన కేసు ఉంటుంది, లైసెన్సు పోతుంది. జామీను దొరుకుతుందట.

కాలు దొరకదు. మోకాలి కింద తీసేశారు, నిన్న.

4 డిసెంబర్

భిక్షం దగ్గరికి పోయాను. దుప్పటి ఒక పక్క పల్చగా ఉంది. అటు చూడకూడదనుకొని అటే చూశాను.

"ఎందుకు చెప్పినవ్ ఉస్తాద్? నా కాలు ఎట్లగూ పాయె. నీ పేరన్న ఉండు."

"నా పేరు ఏం చేసుకోవాల్రా. బ్రేకుకు పనికొస్తదా?"

గోడ వైపు తిరిగాడు. భుజాలు కదిలాయి. నవ్వో ఏడుపో వెనక నుంచి తెలియలేదు. అటు తిరిగే అన్నాడు:

"సిట్యాల రోడ్డు మీద నాకు గూడ బిర్రుగ కొట్టింది ఉస్తాద్, తెల్లారి ఒక్కన్నే తోలినప్పుడు. నువ్వు అన్నవు గద అని ఊకున్న."

ఇది రాయకుండా ఉంచుదామనుకున్నాను. ఇంకెవరు చదువుతారని, రాశాను.

13 డిసెంబర్, ఆదివారం

నేను నేర్పినవాళ్ల పేర్లు రాయడం మొదలుపెట్టాను. అరవై ఒకటి దాకా వచ్చాయి. పోయినవాళ్లు తొమ్మిది మంది. వాళ్లలో ఎవరు ఏ దిగుడులో పోయారో కూడా రాద్దామని ఆలోచించాను. ఇద్దరి పేర్ల దగ్గర చెయ్యి ఆగింది.

దిగుడులో బంద్ పెట్టొద్దని చెప్పడానికి దొరికినవాళ్ల దగ్గరికల్లా పోతున్నాను. మోకాళ్లు నొప్పే. ఇటుక లారీ తోలే ఏసోబు చేతులు కట్టుకొని విన్నాడు, "మంచిది ఉస్తాద్," అన్నాడు. పాల వ్యాన్ నర్సింహ నవ్వాడు.

"ముసలితనం వచ్చినంక భయం గూడ వచ్చిందా ఉస్తాద్? నా బండి పాతదే. దానికి గా కొత్త బ్రేకు లేదు."

"రేపు కొత్తది ఇస్తరు, అప్పుడు?"

"అప్పుడు సూద్దాం."

కొత్త బండేదీ నా షెడ్డు దగ్గర ఆగక నెలన్నర అయింది. ఆగినా తల ఊపను. బానెట్ మీద చెయ్యి పెట్టను.

19 డిసెంబర్

రేపో ఎల్లుండో రంజాన్ రోజాలు మొదలు. సాయంత్రం షెడ్డు ముందు మంచం వేసుకొని కూర్చున్నాను. పని లేదు. కల్వర్టు దిగుడులో లారీలు దిగుతుంటే విన్నాను. ఇటుక లారీ చప్పుడు చేస్తూ దిగింది. గడ్డి ట్రాక్టరు చప్పుడు చేస్తూనే దిగింది. ఏసోబు లారీ కిటికీలోంచి చెయ్యి ఊపాడు. ఈ చప్పుడు ఇంత బాగుంటుందని ముప్పై ఎనిమిదేళ్లలో తెలియలేదు.

పొద్దు గూకే వేళ పైన ఇంకో బండి ఇంజన్ వినిపించింది. దగ్గరికి వచ్చింది. ఆగిపోయింది.

గాలి చప్పుడు ఒక్కటే వస్తోంది. ఏ బండో తెలియదు, పాతదో కొత్తదో తెలియదు. తోలేది ఎవరో మాత్రం తెలుసు. నా వాడే.

లేచి రోడ్డు మీదికి పోయి రెండు చేతులూ ఎత్తి నిలబడ్డాను. పాల వ్యాన్. నర్సింహ నన్ను చూసి, నవ్వు ముఖంతోనే తాళం తిప్పాడు. ఇంజన్ దగ్గి అందుకుంది. నన్ను తప్పించుకొని పోయాడు, హారన్ కొట్టుకుంటూ.

రేపు కూడా మంచం ఇక్కడే వేసుకుంటాను.